సీపీ పిల్లల కాళ్ల బిగుతు: ఏ బిడ్డకు ఏ ఆపరేషన్ సరిపోతుంది?

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఎముకల డాక్టరు మడమ దగ్గర స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) పొడిగిద్దామంటారు. గుంటూరు కొత్తపేటలో ఇంకొకరు ఇప్పటికి కండరాల బిగుతు తగ్గించే బోటాక్స్ సూదులు చాలంటారు. హైదరాబాద్ వెళ్తే న్యూరోసర్జన్ వెన్నులో నరాలు కొయ్యాలంటారు. నాలుగేళ్ల బిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లికి ఎవరి మాట నమ్మాలో తెలియదు. నిజానికి ముగ్గురూ సరిగానే చెబుతూ ఉండొచ్చు. ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు దెబ్బతినడాన్ని సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అంటారు. అది ఉన్న పిల్లల కాళ్లలో ఉండే సమస్య ఒకటి కాదు, మూడు. ఒక్కో ఆపరేషన్ వాటిలో ఒక్కదానికే పనికొస్తుంది.

మొదటిది బిగుతు. మెదడు నుంచి వెన్నుపాముకు అందాల్సిన అదుపు సరిగా అందక, కండరాన్ని కొంచెం సాగదీసినా అది గట్టిగా ముడుచుకుంటుంది. రెండోది కండరం పొట్టిబడటం. ఎముక పెరుగుతూ పోతుంది, ఎప్పుడూ బిగుసుకుని ఉండే కండరం దానితో సమానంగా సాగదు. మూడోది ఎముక మెలిక తిరగడం, తుంటి కీలు జారడం. మెదడులో తగిలిన దెబ్బ పెరగదు కానీ రెండోదీ మూడోదీ వయసుతోపాటు పెరుగుతూనే ఉంటాయి. "తొందరేముంది, పెద్దయ్యాక చూద్దాం" అనే మాట పిక్క కండరం విషయంలో ఒక్కోసారి చెల్లుతుంది. తుంటి విషయంలో అస్సలు చెల్లదు.

బిగుతేదో పొట్టిబడటమేదో ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. బిడ్డ గాఢ నిద్రలో ఉన్నప్పుడు మోకాలిని చాపి, మడమను అరచేతిలో పట్టుకుని, పాదాన్ని నెమ్మదిగా పైకి వంచి చూడండి. మెలకువలో కదలని పాదం నిద్రలో సులువుగా పైకొస్తే అక్కడున్నది ఎక్కువగా బిగుతే. నిద్రలోనూ ఒకచోట ఆగిపోతే కండరం పొట్టిబడిందన్నమాట. అదే పని మోకాలిని మడిచి మళ్లీ చేయండి. మడిచినప్పుడు పైకొచ్చి, చాపినప్పుడు రాకపోతే పొట్టిబడింది పిక్కలోని పైపొర కండరం మాత్రమే. రెండు విధాలా రాకపోతే లోపలి కండరం కూడా పొట్టిబడింది. ఈ చిన్న తేడా మీదే మడమ దగ్గర కొయ్యాలా, పిక్క మధ్యలో కొయ్యాలా అన్నది తేలుతుంది.

ఏ ఆపరేషన్ మాటకైనా ముందు మూడు విషయాలు

బిడ్డ కదలిక స్థాయి ఎంతో అడగండి. దీన్ని జీఎంఎఫ్‌సీఎస్ అంటారు, 1997లో కెనడాలో తయారైన కొలత. ఒకటో స్థాయి పిల్లలు ఎక్కడైనా నడుస్తారు. రెండో స్థాయివాళ్లు నడుస్తారు కానీ మెట్లెక్కడానికి రెయిలింగ్ కావాలి. మూడో స్థాయివాళ్లకు వాకరో కర్రలో కావాలి. నాలుగులో ఎక్కువగా చక్రాల కుర్చీ. ఐదులో మెడ నిలపడమే కష్టం. ఏ ఆపరేషనైనా బిడ్డను ఈ స్థాయిలో ఇంకాస్త నిటారుగా, ఇంకాస్త దూరం, తక్కువ అలసటతో, తక్కువ నొప్పితో ఉంచగలదు. మూడో స్థాయి బిడ్డ ఆపరేషన్‌తో ఒకటో స్థాయికి వచ్చి పరుగెడుతుందని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీని నమ్మొద్దు.

రెండోది, దెబ్బ మెదడులో ఎక్కడ తగిలింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో సాధారణంగా మెదడు గదుల పక్కనున్న తెల్లభాగం దెబ్బతింటుంది. వాళ్లలో కాళ్ల బిగుతు ఎక్కువ, చేతులు కాస్త నయం. దీన్నే డైప్లీజియా అంటారు. నెలలు నిండి పుట్టి, వెంటనే ఏడవక ఊపిరాడని పిల్లల్లోనూ, పుట్టిన వారంలో తీవ్రమైన కామెర్లు వచ్చిన పిల్లల్లోనూ మెదడు లోతుల్లోని కేంద్రకాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. అప్పుడు వచ్చేది డిస్టోనియా. సంతోషం వచ్చినా కోపం వచ్చినా ఒళ్లు మెలితిరుగుతుంది, పొద్దున ఉన్న బిగుతు మధ్యాహ్నం ఉండదు, నిద్రలో పూర్తిగా పోతుంది. మన దగ్గర ఇలాంటి పిల్లలు తక్కువేం కాదు. వీళ్లకు వెన్నులో నరాలు కొయ్యడం పనిచేయదు, కండరాలు పొడిగిస్తే ఫలితం ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పలేం. అందుకే డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్‌ఐ చూడకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చేవాళ్ల దగ్గర కాసేపు ఆగండి.

మూడోది తుంటి ఎక్స్‌రే. దీని గురించి కింద విడిగా ఉంది.

వెన్నులో నరాల ఆపరేషన్: ఎస్‌డీఆర్

సెలెక్టివ్ డోర్సల్ రైజాటమీ బిగుతు మూలం మీదే పనిచేసే ఆపరేషన్. కాళ్ల నుంచి వెన్నుపాముకు కబురు తెచ్చే వెనక నరాల వేళ్లను సన్నటి పోగులుగా విడదీసి, ఒక్కో పోగుకు కరెంటు తాకించి, అతిగా స్పందించిన పోగులను కోస్తారు. సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా కోసే కేంద్రాలే ఎక్కువ. దక్షిణాఫ్రికాలో వార్విక్ పీకాక్ 1980 దశకంలో దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో టి.ఎస్. పార్క్ ఒక్క వెన్నుపూస దగ్గర మాత్రమే తెరిచి చేసే పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. ఎక్కువ పూసలు తెరిచే పాత పద్ధతిలో తర్వాత వెన్ను వంగే భయం ఎక్కువ. ఎన్ని పూసలు తెరుస్తారో, ఆపరేషన్ సాగినంతసేపూ నరాల స్పందన చూసే యంత్రం ఉంటుందో లేదో సర్జన్‌ను తప్పకుండా అడగండి.

ఎవరికి సరిపోతుందన్నది చాలా ఇరుకైన తలుపు. నెలలు నిండకుండా పుట్టి, డైప్లీజియా ఉండి, రెండో లేదా మూడో స్థాయిలో నడుస్తూ, డిస్టోనియా లేకుండా, బిగుతు కింద నిజమైన బలం ఉన్న బిడ్డ కావాలి. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సంస్థ 2018లో దీన్ని నిధులిచ్చే చికిత్సల్లో చేర్చినప్పుడు పెట్టిన హద్దులు కూడా ఇంచుమించు ఇవే: 3 నుంచి 9 ఏళ్లు, రెండు లేదా మూడో స్థాయి.

ఆ బలం అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. చాలామంది పిల్లలు బిగుతునే ఊతంగా చేసుకుని నిలబడతారు. ఎస్‌డీఆర్ తర్వాత ఆ ఊతం ఒక్కరోజులో పోతుంది. కింద బలం లేకపోతే అంతకుముందు నిలబడగలిగిన బిడ్డ చతికిలబడుతుంది. అందుకే కూర్చున్నచోటు నుంచి చేయిపట్టి లేవగలదా, గొంతుక్కూర్చుని లేవగలదా, ఒక కాలిని మరో కాలి సాయం లేకుండా కదపగలదా అని ముందే పరీక్షిస్తారు. ఈ పరీక్ష చేయకుండా ఎంఆర్‌ఐ ఒక్కటే చూసి ఒప్పుకుంటే అది తొందరపాటే.

ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు వెల్లకిలానో పక్కకో పడుకోబెడతారు. కొద్దిరోజులు పాదాల్లో మంట, తాకితే ఉలిక్కిపడటం, మూత్రానికి ఇబ్బంది ఉండొచ్చు. చాలామందిలో ఇవి తగ్గిపోతాయి. వెన్నునీరు కారడం, ఇన్ఫెక్షన్, శాశ్వతంగా మూత్రం మీద అదుపు తగ్గడం అరుదు కానీ ఉన్నాయి. అసలు పరీక్ష ఇంటికొచ్చాక మొదలవుతుంది. మొదటి ఆరు నెలలు వారానికి ఐదు రోజుల ఫిజియో, తర్వాత ఏడాది దాటేదాకా వారానికి రెండు మూడు రోజులు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే మండల భవిత కేంద్రంలో వారానికోసారి దొరికే ఫిజియో దీనికి చాలదు. రోజూ తీసుకెళ్లగలిగిన దూరంలో పిల్లల ఫిజియో లేకపోతే, లేదా ఇంట్లో ఒకరు ఏడాదిపాటు ఈ పనికే ఉండలేకపోతే, ఎంత మంచి సర్జన్ దొరికినా మా సలహా వద్దనే.

ఇంకో మాట. ఎస్‌డీఆర్ అప్పటికే పొట్టిబడిన కండరాన్ని పొడిగించదు, మెలిక తిరిగిన ఎముకను తిప్పదు. ఎస్‌డీఆర్ అయిన పిల్లల్లో చాలామందికి తర్వాత కండరాల ఆపరేషన్ కూడా అవసరమవుతుంది. కోసిన నరం తిరిగి రాదు కాబట్టి సందేహం ఉంటే ఆగడమే మేలు.

బాక్లోఫెన్ పంప్

బాక్లోఫెన్ కండరాల బిగుతు తగ్గించే మందు. నోటితో ఇస్తే నాడీమండలానికి చేరేది చాలా తక్కువ. మోతాదు పెంచితే బిడ్డ మగతగా పడి ఉంటుంది. అదే మందును వెన్నునీటిలోకి నేరుగా పంపితే మైక్రోగ్రాముల్లో సరిపోతుంది. ముందు నడుము దగ్గర సూదితో 50 మైక్రోగ్రాములు ఇచ్చి కొన్ని గంటలు గమనిస్తారు. కాళ్లు వదులైతే పొట్ట చర్మం కింద పంప్ అమర్చి, సన్నటి గొట్టాన్ని వెన్నులోకి వేస్తారు. బాగా బక్కగా ఉన్న పిల్లల పొట్టలో దానికి చోటు దొరకడమే కష్టం.

ఇది నాలుగు, ఐదు స్థాయి పిల్లలకు, కాళ్లూ చేతులూ బిగుసుకుని డైపర్ మార్చడం, కూర్చోబెట్టడం, నిద్రపుచ్చడం నరకంగా మారినప్పుడు ఆలోచించేది. డిస్టోనియాలోనూ కొంత పనిచేస్తుంది. మోతాదు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు, వద్దనుకుంటే తీయించేయవచ్చు. ఎస్‌డీఆర్‌కు లేని సౌలభ్యం అది.

అయితే పంప్ పెట్టించుకోవడమంటే ఒక ఆసుపత్రికి కట్టుబడి బతకడం. మోతాదును బట్టి 1 నుంచి 6 నెలలకోసారి చర్మం మీదుగా సూదితో మందు నింపించాలి. 5 నుంచి 7 ఏళ్లకు బ్యాటరీ అయిపోయి పంప్ మొత్తం మార్చాలి. పంప్ ధరే లక్షల్లో ఉంటుంది. మందు ఆగిపోతే ఒళ్లంతా దురద, జ్వరం, మునుపటికన్నా ఎక్కువ బిగుతు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి రావొచ్చు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో చిక్కుకున్న సంగతి అందరికీ గుర్తుంది. అలాంటప్పుడు నింపే తేదీ వస్తే? పంప్ ఉన్న ఇంట్లో నోటి బాక్లోఫెన్ మాత్రలు, డాక్టరు రాసిచ్చిన అత్యవసర మోతాదు చీటీ ఎప్పుడూ ఉండాలి, తేదీకి వారం పది రోజుల ముందే నింపించుకోవాలి. ఈ ప్రాంతం నుంచి దీనికి ఎక్కడికి వెళ్లాల్సి వస్తుందో, అక్కడ ఈ పంప్‌ను చూసే డాక్టర్లు ఒకరికి మించి ఉన్నారో లేదో ముందు తేల్చుకోండి.

కండరాలు, ఎముకల ఆపరేషన్

ఎక్కువమంది పిల్లలకు చివరికి అవసరమయ్యేది ఇదే. ఎక్కువగా తప్పు జరిగేదీ ఇక్కడే.

పాత పద్ధతిలో ఈ ఏడాది మడమ, వచ్చే ఏడాది మోకాలు, ఆపై ఏడాది గజ్జ అని విడివిడిగా చేసేవారు. ప్రతి పుట్టినరోజుకూ బిడ్డ ఆసుపత్రిలోనే ఉంటుందని టొరంటో సర్జన్ మెర్సర్ రాంగ్ దీనికి పుట్టినరోజుల జబ్బని పేరే పెట్టారు. ఇప్పుడు తుంటి, మోకాలు, పాదం మూడింటినీ కలిపి లెక్కవేసి ఒకే విడతలో సరిచేస్తారు. నడిచే పిల్లల్లో దీనికి మంచి వయసు సుమారు 8 నుంచి 12 ఏళ్లు. నాలుగైదేళ్లకే పొడిగిస్తే ఎదుగుదలలో మళ్లీ పొట్టిబడే అవకాశం ఎక్కువ. అప్పటిదాకా బోటాక్స్, వరుస పిండికట్లు, పాదాన్నీ చీలమండనూ పట్టి ఉంచే ఏఎఫ్‌ఓ స్ప్లింట్లతో లాక్కురావాలి.

డైప్లీజియా ఉన్న బిడ్డకు మడమ వెనక స్నాయువును కోసి పొడిగించడం చాలా జాగ్రత్తగా ఆలోచించాల్సిన పని. ముని వేళ్ల మీద నడిచే బిడ్డను చూడగానే అందరి చూపూ మడమ మీదికే పోతుంది. ఉచిత శిబిరాల్లో అది అరగంటలో అయ్యే పని. కట్టు విప్పగానే పాదం నేలకు ఆనుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కానీ నిలబడినప్పుడు ముంగాలు (మోకాలికి, మడమకు మధ్య భాగం) ముందుకు కూలిపోకుండా వెనక్కి పట్టి ఉంచేది పిక్క లోపలి కండరమే. స్నాయువును కోస్తే ఆ కండరం కూడా వదులవుతుంది. ముంగాలు ముందుకు పడుతుంది, మోకాళ్లు వంగుతాయి. బరువు పెరిగే 11, 12 ఏళ్లకు బిడ్డ వంగిన మోకాళ్ల మీద నడవలేక కూలబడుతుంది. ముని వేళ్ల నడకను తర్వాతైనా సరిచేయొచ్చు. అతిగా పొడిగించిన మడమను వెనక్కి తేవడం చాలా కష్టం. పైన చెప్పిన పరీక్షలో మోకాలు మడిచినప్పుడు పాదం పైకొస్తే, పిక్క మధ్యలో పైపొర కండరాన్ని మాత్రమే వదులుచేసే ఆపరేషన్ చాలు. ఒకవైపే బిగుతున్న హెమిప్లీజియా పిల్లల్లో మాత్రం మడమ స్నాయువు పొడిగించడం తరచు సరైన పనే, వాళ్లలో ఈ ప్రమాదం తక్కువ.

మోకాలి వెనక కండరాలను పొడిగించినప్పుడు కూడా అతి పనికిరాదు. అవే తుంటిని వెనక్కి పట్టి ఉంచుతాయి కాబట్టి ఎక్కువ పొడిగిస్తే నడుము ముందుకు వంపు తిరుగుతుంది. ఆపరేషన్ మర్నాడే మోకాలిని బలవంతంగా పూర్తిగా చాపితే తొడ వెనక పెద్ద నరం సాగి పాదంలో మంట, తిమ్మిరి వస్తాయి. బిడ్డ పాదం తాకనివ్వకుండా ఏడుస్తుంటే అది మొండితనం కాదు. మోకాలిని కొంచెం వంచి ఉంచి, వెంటనే సర్జన్‌కు చెప్పాలి.

తొడ ఎముక లోపలికి మెలిక తిరిగి మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటుంటే కండరం కొయ్యడంతో ఫలితముండదు. ఎముకను కోసి తిప్పి, ప్లేటు వేయాలి. కత్తెర నడకలా కనిపించేది చాలాసార్లు గజ్జ కండరాల బిగుతు కాదు, ఈ మెలికే.

కట్టు సాధారణంగా ఆరు వారాలు. ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలు బిడ్డ మునుపటికన్నా తక్కువగా నడుస్తుంది. ఇది ముందే తెలియకపోతే ఆపరేషన్ పాడైందనుకుని ఫిజియో మానేస్తారు, అసలు నష్టం అప్పుడే జరుగుతుంది. పూర్తి ఫలితం కనిపించడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది.

నడవని బిడ్డకూ తుంటి ఎక్స్‌రే

నడవని పిల్లలకు ఎముకల డాక్టరుతో పనేముందని వదిలేస్తారు. తుంటి జారేది వాళ్లలోనే ఎక్కువ. ఐదో స్థాయి పిల్లల్లో 90 శాతం దాకా తుంటి పక్కకు జరుగుతుంది, ఒకటో స్థాయిలో దాదాపు ఉండదు. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఎక్స్‌రే తప్ప వేరే దారి లేదు. రెండేళ్లలోపు మొదటిది, ఆపై స్థాయిని బట్టి 6 నుంచి 12 నెలలకోసారి. ఎయిమ్స్ మంగళగిరి, గుంటూరు, విజయవాడ జీజీహెచ్‌లలో ఎక్కడైనా తీయించుకోవచ్చు. కాళ్లు సమాంతరంగా, మోకాలి చిప్పలు పైకి చూస్తూ ఉండాలి. కాళ్లు కత్తెరలా పెట్టి తీసిన ఫిల్ముతో కొలత తప్పుతుంది. తుంటి బంతి ఎంత శాతం గిన్నె బయట ఉందో రాయించుకోండి. 30 దాటితే జాగ్రత్తపడాలి, 40 దాటి పెరుగుతుంటే ఆపరేషన్ గురించి మాట్లాడాలి. చిన్న వయసులో గజ్జ కండరాలు వదులుచేయడం కొంతకాలం ఆపుతుంది, కానీ నాలుగు, ఐదు స్థాయిల్లో అదొక్కటే చాలామందికి చాలదు, తర్వాత ఎముక ఆపరేషన్ అవసరమవుతుంది. ఈ విషయం ముందే చెప్పే సర్జన్ మంచి సర్జన్.

సూదులు, మిగతావి

బోటాక్స్ ప్రభావం 3 నుంచి 6 నెలలు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య, బిగుతున్నా కండరం ఇంకా పొట్టిబడనప్పుడు బాగా పనికొస్తుంది. వేసిన వెంటనే స్ప్లింట్లు, సాగదీసే వ్యాయామం లేకపోతే డబ్బు వృథా. కంపెనీ మారితే యూనిట్ల లెక్క మారుతుంది, ఏ కంపెనీ మందు ఎన్ని యూనిట్లు వేశారో రాయించుకోండి. గజ్జలకు ఫినాల్ సూది చాలా చవక, అనుభవమున్న చేతుల్లో మంచిదే. మూలకణాల (స్టెమ్ సెల్స్) ఎక్కింపుకు మాత్రం ఒక్క రూపాయి పెట్టొద్దు. సీపీకి అది ప్రామాణిక చికిత్స కాదని, పరిశోధనల బయట ఇవ్వకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలను బట్టే స్పష్టం.

ఖర్చు, కాలం, కాగితాలు

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ బిడ్డకు రాసిన ఆపరేషన్ వస్తుందో లేదో చేరకముందే ఆసుపత్రి కౌంటర్‌లో పేరుతో సహా అడగండి. ఆపరేషన్ వచ్చినా స్ప్లింట్లు, నెలల తరబడి ఫిజియో అందులో ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా సీపీ పిల్లలకు ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చులకు కూడా. దానికి సదరం (వైకల్య) ధ్రువపత్రం కావాలి. బీమా చేతికి రాకముందే ఆపరేషన్ చేయించేస్తే ప్రయోజనం లేదు కాబట్టి ముందు ఈ పని పూర్తిచేయండి.

బడి సెలవులని మే నెలలో ఆపరేషన్ పెట్టించుకునేవాళ్లు ఎక్కువ. విజయవాడ ఎండల్లో ఆరు వారాల కట్టు కింద చెమట, పుండ్లు, నిద్ర లేని రాత్రులు. తుంటి ప్రమాదంలో ఉంటే ఆగకూడదు కానీ నడక కోసం చేసేది దసరా దాటాక పెట్టుకుంటే బిడ్డకు సుఖం. వాల్‌ప్రోయేట్ వాడే ఫిట్స్ పిల్లలకు రక్తం గడ్డకట్టే పరీక్షలు ముందుగా చేయించాలి. బక్క పిల్లలకు రెండు మూడు నెలలు ముందు నుంచే తిండి, డి విటమిన్ సరిచేయాలి, లేకపోతే పుండు మానదు, కట్టు విప్పాక పెళుసు ఎముక విరుగుతుంది.

హైదరాబాద్, చెన్నై ప్రయాణం కట్టేముందు ఫోన్‌లో వీడియో తీసి పంపి అడగండి. నిక్కరుతో, చెప్పుల్లేకుండా, ముందు నుంచీ వెనక నుంచీ రెండు పక్కల నుంచీ, కనీసం పది అడుగులు. పక్క నుంచి తీసేటప్పుడు ఫోన్ మోకాలి ఎత్తులో ఉండాలి, పాదం నుంచి తల దాకా కనిపించాలి. తర్వాత స్ప్లింట్లు వేసి అదే మళ్లీ. నడవని బిడ్డైతే కూర్చోబెట్టేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు తీయండి. దానితోపాటు పుట్టినప్పటి డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్‌ఐ, ఆరు నెలలకు మించని తుంటి ఎక్స్‌రే పంపండి.